అనుమతి పుస్తకంలో ఉంది, మైదానంలో లేదు: క్రీడా సమాఖ్యలకు, రిఫరీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అంతర్జాతీయ, జాతీయ క్రీడా సమాఖ్యల అధ్యక్ష కార్యదర్శులకు, టోర్నీ నిర్వాహకులకు, రిఫరీ సంఘాల పెద్దలకు,

నమస్కారం. ఆడపిల్లల ఆటల కోసం మీరు పడుతున్న శ్రమ మాకు తెలుసు. హిజాబ్‌తో ఆడే అమ్మాయిల విషయమై ఇంతకుముందు విడివిడిగా పంపిన వినతిపత్రాలకు "పరిశీలనలో ఉంది" అన్న ముక్క తప్ప జవాబు లేదు. అందుకే ఇప్పుడు అందరికీ కనపడేలా రాస్తున్నాం.

మాలో కోచ్‌లున్నారు, విజిల్ పట్టుకునేవాళ్లున్నారు, ఆట బట్టలు కుట్టేవాళ్లున్నారు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె పక్కన పెట్టుకుని గీత అవతల కూర్చునేవాళ్లున్నారు. అసలు హిజాబ్ వేసుకోవాలా వద్దా అన్నదాని మీద మాలో మాకే ఏకాభిప్రాయం లేదు, అది మేం తేల్చాల్సిందీ కాదు. ఒక అమ్మాయిని ఆట నుంచి ఆపాలంటే రిఫరీ చేతిలో రాతపూర్వకమైన నియమం ఉండాలని, ఆ నియమం భద్రత ఒక్కదాని గురించే మాట్లాడాలని మాత్రం అందరం ఒప్పుకున్నాం.

ఇదేదో కొత్త కోరిక అనుకోకండి. 2011 జూన్ 3న జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఆ దేశంతో లండన్ ఒలింపిక్స్ క్వాలిఫయింగ్ మ్యాచ్‌కు ఇరాన్ మహిళల ఫుట్‌బాల్ జట్టు బూట్లు కట్టుకుని మైదానంలోకి వచ్చాక, తలా మెడా కప్పే బట్ట నిబంధనకు విరుద్ధమని ఆట ఆపేశారు. మ్యాచ్‌ను 3-0తో జోర్డాన్‌కు ఇచ్చేశారు. గొంతుకు బిగుసుకునే ప్రమాదం ఉందన్నది అప్పట్లో చెప్పిన ప్రధాన కారణం. జోర్డాన్ జట్టులో హిజాబ్ వేసుకునే అమ్మాయిలు కూడా అదే కారణంతో ఆ మ్యాచ్‌కు దూరమయ్యారు. అప్పుడు ఫిఫా ఉపాధ్యక్షుడిగా ఉన్న జోర్డాన్ యువరాజు అలీ బిన్ అల్ హుస్సేన్ పట్టుబట్టడంతో, ఫుట్‌బాల్ నియమాలు రాసే ఐఎఫ్ఏబీ 2012 జులైలో ప్రయోగాత్మకంగా, 2014 మార్చి 1న పూర్తిగా తలవస్త్రాన్ని అనుమతించింది. షరతులు నాలుగైదే: నలుపు గానీ జెర్సీ ప్రధాన రంగు గానీ ఉండాలి, జెర్సీకి అతికి ఉండకూడదు, మెడ దగ్గర తెరిచి మూసే బిగింపులు ఉండకూడదు, ఏ ముక్కా బయటికి పొడుచుకు రాకూడదు, ఎవరికీ ప్రమాదం కాకూడదు. 2023 జులై 30న అడిలైడ్‌లో మొరాకో డిఫెండర్ నుహైలా బెన్జీనా హిజాబ్‌తో దక్షిణ కొరియా మీద ఆడింది. సీనియర్ మహిళల ప్రపంచకప్‌లో అలా ఆడిన మొదటి అమ్మాయి ఆమే. మొరాకో 1-0తో గెలిచింది.

బాస్కెట్‌బాల్‌ది ఇంకా చెప్పుకోదగ్గ కథ. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఖతార్ అమ్మాయిలు హిజాబ్ తీయబోమని మంగోలియాతో మ్యాచ్ వదులుకున్నారు. అదే ఏడాది కొద్ది నెలల ముందు చైనాలోని వుహాన్‌లో మన భారత జట్టు ఆటగాళ్లు అమ్‌జ్యోత్ సింగ్, అమృత్‌పాల్ సింగ్‌లను తలపాగాలు తీస్తేనే ఆడనిస్తామన్నారు. తల మీద ఏదీ ఉండకూడదని నియమం రాసినవాళ్లకు సిక్కులూ గుర్తులేరు, ముస్లింలూ గుర్తులేరు. 2017 మేలో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా ఆ నియమం మార్చింది, అక్టోబర్ 1 నుంచి అమల్లోకి తెచ్చింది. నలుపు, తెలుపు, లేదా జెర్సీ ప్రధాన రంగు ఉండాలి, జట్టంతటికీ ఒకే రంగు ఉండాలి, ముఖం ఏ భాగమూ కప్పకూడదు, ముఖం మెడల దగ్గర బిగింపులు ఉండకూడదు. అంతే.

రెండు పెద్ద ఆటల్లో సంగతి ఇలా తేలిపోయి ఏళ్లు దాటింది. అయినా స్కూలు పోటీల్లో, చిన్న లీగుల్లో ఇవాళ్టికీ "ముందే అనుమతి లేఖ తెచ్చుకున్నావా?" అన్న ప్రశ్న దగ్గరే అమ్మాయిలు ఆగిపోతున్నారు. 2019లో అమెరికాలోని ఒహాయోలో ఒక స్కూలు విద్యార్థిని క్రాస్ కంట్రీ పరుగు మొత్తం పూర్తి చేశాక, ఆ లేఖ లేదని ఫలితాల్లోంచి పేరు తీసేశారు. ఆ తర్వాతి ఏడాది టెనెసీలో ఇంకో అమ్మాయిని అదే లేఖ కోసం వాలీబాల్ కోర్టు దాటనివ్వలేదు. బట్ట వల్ల ప్రమాదమని ఈ రెండు చోట్లా ఎవరూ అనలేదు. కాగితం లేకపోవడమే నేరం. తర్వాత అక్కడ నియమాలు మార్చారు, ఒహాయోలోనైతే 2022లో చట్టమే చేశారు. ఇంత జరిగితే తప్ప కదలని సంగతా ఇది?

ప్రమాదం ఉందన్న మాటను మేం కొట్టిపారేయడం లేదు. ఎక్కడ ఉందో తెలిసి మాట్లాడాలంటున్నాం. రోజూ వేసుకునే పొడవాటి స్కార్ఫ్‌ను తల చుట్టూ, మెడ చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పి గడ్డం కింద, చెవి పక్కన గుండుసూదులో పిన్నీసులో పెడతారు. ఆటలో ఇది మూడు రకాలుగా చెడుతుంది. ఢీకొన్నప్పుడు పిన్ను తెరుచుకుని ఆమె మెడకో ఎదుటి అమ్మాయి చేతికో గుచ్చుకుంటుంది. వేలాడే కొస ఎవరి వేళ్లకైనా చిక్కితే చుట్టు బిగుసుకుంటుంది. జార్జెట్ లాంటి నున్నటి బట్టయితే చెమటకు జారిపోతుంది, దాంతో ఆ అమ్మాయి ఒక చెయ్యి తలమీదే పెట్టుకుని ఆడుతుంది. నూలుదైతే చెమట పీల్చి బరువెక్కి కిందికి దిగుతుంది, సగం ఆట అయ్యేసరికి నుదుటి అంచు కనుబొమల మీదికి వస్తుంది.

ఆట కోసం కుట్టిన హిజాబ్ వేరు. ఒకే ముక్క, తలలోంచి తొడుక్కునేది, పిన్నుల్లేవు, ముడుల్లేవు. పాలిస్టర్‌లో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా సాగే దారం కలిపిన పల్చటి అల్లిక బట్ట, ఒకటే పొర. ముఖం చుట్టూ ఎలాస్టిక్ అంచు. మెడ భాగం కాలర్‌బోన్ దాకా వచ్చి జెర్సీ కాలర్ లోపలికి పోతుంది, కాబట్టి ఛాతీ మీద, వీపు మీద నంబర్ కనపడుతుంది. వెనక నుంచి ఎవరైనా పట్టి లాగితే సాగి, తలమీద నుంచి వెనక్కి జారి ఊడొచ్చేస్తుంది. గొంతు బిగించదు.

కుట్టేవాళ్లకు తెలిసిన చిక్కు ఒకటుంది, అది సైజు. ఫ్రీ సైజ్ పేరుతో అమ్మేవి చిన్న పిల్లలకు వదులు. తల తిప్పితే బట్ట తిరగదు, అంచు కంటికి అడ్డం వస్తుంది. బిగుతుగా ఉంటే కాసేపటికే దవడ కింద గీత పడి నొప్పెడుతుంది. కనీసం మూడు సైజులు, ఒక్కొక్కరికి రెండేసి హిజాబ్‌లు ఉండాలి. ఒకటి తడిస్తే హాఫ్‌టైమ్‌లో మార్చుకోవడానికి రెండోది. జుట్టు నడినెత్తిన కొప్పు పెట్టకుండా మెడ మొదట్లో ముడివేయాలి. ఎత్తు కొప్పు మీద బట్ట నిలవదు, క్రికెట్‌లో అయితే హెల్మెట్ కూర్చోదు. లోపల ఇనప క్లిప్పులు వద్దు, బంతి తగిలితే అవే తలలోకి దిగుతాయి. హెల్మెట్ కొలత హిజాబ్‌తోనే తీసుకోవాలి.

రిఫరీలకు ఒక మాట. దీన్ని పరీక్షించడానికి ఒక్క నిమిషం చాలు, వార్మప్‌కు ముందు కిట్ చూసేటప్పుడే అయిపోవాలి. రంగు చూడండి. మెడ చుట్టూ పిన్నులు లేవని ఆ అమ్మాయినే వేళ్లతో తడిమి చూపించమనండి, మీరు తాకక్కర్లేదు. తలను రెండు భుజాల వైపూ తిప్పమనండి, బట్ట తలతో పాటు తిరగాలి. గడ్డం ఛాతీకి ఆనించి, తర్వాత పైకి చూడమనండి. చివరగా వెనక భాగాన్ని తనే పిడికిలితో పట్టి లాగి చూపించమనండి, గొంతు దగ్గర నొక్కకుండా వెనక్కి జారాలి. వీటిలో ఏది కుదరకపోయినా అది కిట్ లోపం, మార్చుకుని రమ్మనండి. బూటు మేకు ఊడినా, మేజోడు లేకపోయినా ఫుట్‌బాల్‌లో సరిచేసుకుని మళ్లీ రానిస్తారు కదా. ఇదీ అంతే.

ఆట మధ్యలో ఊడిపోతే తర్వాతి ఆగుదలలో జట్టు అమ్మాయిలు చుట్టూ నిలబడతారు, ఆమె సర్దుకుంటుంది. అర నిమిషం పని. దాన్ని సమయం వృథా కింద లెక్కకట్టొద్దు. ఎదుటివాళ్లు కావాలని లాగితే, జుట్టు పట్టి లాగినప్పుడు ఏం చేస్తారో అదే చేయండి.

గాయాల విషయంలో మొహమాటం ప్రాణం మీదికి తెస్తుంది. తలకు దెబ్బ తగిలితే చెవుల్లోంచి రక్తం గానీ నీళ్లలాంటి ద్రవం గానీ వస్తోందా, తల వెనక వాపు ఉందా అన్నది చూసి తీరాలి. అంటే హిజాబ్ తీయాలి. మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే తలమీద నుంచి లాగి అస్సలు తీయకూడదు, ఆ లాగుడుకే మెడ కదులుతుంది. మొద్దు మొన కత్తెరతో కత్తిరించాలి. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఆ కత్తెర, చుట్టూ పట్టుకోవడానికి ఒక దుప్పటి, కప్పడానికి ఒక శుభ్రమైన బట్ట ఉంచండి. మహిళా ఫిజియో ఉంటే మంచిది, లేరని చికిత్స మాత్రం ఆగకూడదు. సీజన్ మొదట్లోనే ఈ మాట ఆ అమ్మాయికీ తల్లిదండ్రులకూ చెప్పి సంతకం తీసుకుంటే ఆ క్షణంలో వాదన రాదు.

అన్ని ఆటలకూ ఒకే సమాధానం కుదరదని మాకూ తెలుసు. వెయిట్‌లిఫ్టింగ్‌లో మోచేతులు, మోకాళ్లు పూర్తిగా నిటారయ్యాయో లేదో ముగ్గురు రిఫరీలకు కనపడాలి, వదులు బట్ట అక్కడ నిజంగానే అడ్డం. ఆ సమాఖ్య ఏం చేసింది? ఒంటికి అతుక్కునే ఒకే ముక్క దుస్తును పోటీ దుస్తుల లోపల వేసుకోవచ్చని 2011లో రాసేసింది. 2016 రియోలో ఈజిప్ట్ అమ్మాయి సారా అహ్మద్ 69 కిలోల్లో కాంస్యం ఎత్తుకెళ్లింది. జూడోలో గొంతు నొక్కే పట్లు ఆటలో భాగం, కాబట్టి మెడ చుట్టూ బట్ట అక్కడ సమస్యే. 2012 లండన్‌లో సౌదీ అమ్మాయి వుజ్దాన్ షహర్‌ఖానీకి తలకు అతికే టోపీతో రాజీ కుదిరింది. 82 సెకన్లలో ఓడిపోయింది, కానీ ఆడింది. తైక్వాండో, ఫెన్సింగ్‌లలో పైన హెడ్‌గార్డో మాస్కో ఎలాగూ ఉంటుంది కనుక గొడవే లేదు. రియోలో తైక్వాండో 57 కిలోల రెండు కాంస్యాలూ తల కప్పుకున్న అమ్మాయిలకే వచ్చాయి, ఒకరు ఈజిప్ట్, ఒకరు ఇరాన్. ఈతలో మాత్రం చిక్కుంది. మహిళల రేసు దుస్తులు మెడను కప్పకూడదు, భుజం దాటకూడదు, మోకాలి కిందికి రాకూడదని 2010 నుంచి ఉన్న నియమం. అది దుస్తుల వల్ల అదనపు వేగం రాకుండా పెట్టింది, మతం గురించి కాదు. వేగానికి కలిసిరాని బట్టతో కుట్టినదాన్ని విడిగా ఆమోదించడానికి అడ్డేమిటో సమాఖ్యే చెప్పాలి.

ఈ అస్పష్టత ధర ఎవరు చెల్లిస్తున్నారో చూడండి.

1. జట్టు మొత్తం నష్టపోతుంది. ఫుట్‌బాల్‌లో ఏడుగురు లేనిదే మ్యాచ్ మొదలవదు, బాస్కెట్‌బాల్‌లో అయిదుగురు కావాలి. పదిమందితో వచ్చిన జట్టులో నలుగురిని ఆపితే మిగిలిన ఆరుగురు కూడా ఇంటికే. వాళ్లలో హిజాబ్ వేసుకోనివాళ్లూ ఉంటారు, అసలు ముస్లింలే కానివాళ్లూ ఉంటారు.

2. ఆ అమ్మాయి మళ్లీ రాదు. ఆటకు పంపడానికి ఇంట్లో అతి కష్టం మీద ఒప్పుకుని ఉంటారు. పదిమందిలో "తీసెయ్, లేదా బయటికి వెళ్లు" అనిపించుకుని వచ్చాక, ఇక ఆట ఎందుకన్నవాళ్ల మాటే నెగ్గుతుంది. పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో ఆడపిల్లలు ఎలాగూ ఆటలు మానేస్తుంటారు. మీరు ఇంకో కారణం చేతికిస్తున్నారు.

3. కోచ్‌లు ముందే జాగ్రత్తపడతారు. ఏ రిఫరీ ఏమంటాడో తెలియనప్పుడు, ఎందుకొచ్చిన గొడవని ఆ అమ్మాయిని బెంచి మీదే కూర్చోబెడతారు. స్కోరుషీటులో అది "గాయం" అనో "ఫామ్ లేదు" అనో కనపడుతుంది తప్ప ఏ ఫిర్యాదులోనూ కనపడదు. మా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదే, ఎందుకంటే దీన్ని లెక్కపెట్టేవాళ్లు లేరు.

4. ఒకే హిజాబ్‌ను ఒక రిఫరీ ఒప్పుకుంటాడు, మర్నాడు ఇంకో రిఫరీ కాదంటాడు. ఇద్దరూ తిట్లు తింటారు.

5. "గుర్తింపు పొందిన బ్రాండ్" కావాలని కొందరు నిర్వాహకులు పట్టుబడతారు. కొనలేని ఇంటి పిల్ల పిన్నుల స్కార్ఫ్‌తోనే వస్తుంది. అంటే భద్రత పేరుతో పెట్టిన షరతే ప్రమాదాన్ని మైదానంలోకి తెస్తోంది.

ఇక నిషేధాల సంగతి. ఫ్రాన్స్‌లో ఫుట్‌బాల్ సమాఖ్య ఔత్సాహిక మ్యాచ్‌లలో కూడా హిజాబ్‌ను నిషేధించింది. 2023 జూన్ 29న అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం దాన్ని సమర్థించింది. నిషేధం ఎత్తేయాలని ఆ కోర్టుకు సలహా ఇచ్చే అధికారే అంతకు మూడు రోజుల ముందు సూచించినా వినలేదు. బాస్కెట్‌బాల్ సమాఖ్యా అదే దారి పట్టింది. 2025 ఫిబ్రవరి 18న సెనేట్ అన్ని క్రీడా పోటీలకూ నిషేధం వర్తించే బిల్లును 210-81 ఓట్లతో ఆమోదించింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇతర దేశాల అమ్మాయిలు హిజాబ్‌తో ఆడారు, ఆతిథ్య దేశపు రన్నర్ సున్‌కాంబా సిల్లా మాత్రం ప్రారంభోత్సవంలో టోపీ పెట్టుకునే రాజీతో సరిపెట్టుకుంది. అదే పారిస్‌లో డచ్ రన్నర్ సిఫాన్ హసన్ మారథాన్‌ను తల కప్పుకోకుండా పరిగెత్తి గెలిచి, పతకం తీసుకోవడానికి హిజాబ్‌తో పోడియం ఎక్కింది. ఎప్పుడు కప్పుకోవాలో ఆమె నిర్ణయించుకుంది. ఎవరికేం నష్టం వచ్చింది?

ఇంటివాళ్ల ఒత్తిడితో వేసుకునే అమ్మాయిలూ ఉంటారు కదా అని నిషేధం కోరేవాళ్లు అంటారు. ఉంటారు, కాదనం. కానీ నిషేధం ఆ ఇంటి గుమ్మం దాటి లోపలికి పోదు, అమ్మాయిని మాత్రం కోచ్, స్నేహితురాళ్లు ఉన్న చోటి నుంచి బయటికి పంపేస్తుంది.

బలవంతం రెండో వైపు నుంచి వచ్చినా మేం ఇదే గట్టిగా మాట్లాడతాం. ఇరాన్ క్లైంబర్ ఎల్నాజ్ రెకాబీ 2022 అక్టోబర్‌లో సియోల్‌లో తల కప్పుకోకుండా పోటీపడినందుకు ఆమె భద్రత గురించే ప్రపంచమంతా కంగారుపడాల్సి వచ్చింది. చెస్ క్రీడాకారిణి సారా ఖాదెమ్ అదే ఏడాది డిసెంబర్‌లో కజకిస్తాన్‌లోని అల్మాటీలో హిజాబ్ లేకుండా ఆడి, తర్వాత స్పెయిన్‌కు వెళ్లిపోయింది. 2017లో టెహ్రాన్‌లో జరిగిన మహిళల ప్రపంచ చెస్ చాంపియన్‌షిప్‌లో మన ద్రోణవల్లి హారిక సహా అందరూ తల కప్పుకునే ఆడాల్సి వచ్చింది. 2018లో ఇరాన్‌లోని హమదాన్‌లో జరగాల్సిన ఆసియా టీమ్ చెస్ పోటీల నుంచి మన క్రీడాకారిణి సౌమ్య స్వామినాథన్ ఈ నిబంధన వల్లే తప్పుకుంది. టెహ్రాన్, హమదాన్‌లను వేదికలుగా ఒప్పుకుని సంతకం పెట్టింది సమాఖ్యలే.

మేం కోరేది ఇది.

1. మీ ఆట నియమాల్లో తలవస్త్రాన్ని పేరు పెట్టి అనుమతించండి. "రిఫరీ విచక్షణ" అని వదిలేయొద్దు. ముందస్తు అనుమతి లేఖ నిబంధన పూర్తిగా ఎత్తేయండి.

2. బట్ట, కొలత, బిగింపు, రంగు ఎలా ఉండాలో చెప్పండి. బ్రాండ్ పేరు రాయొద్దు. ఊళ్లో దర్జీ కుట్టినది కొలతకు సరిపోతే చాలు.

3. పైన చెప్పిన అయిదు పరీక్షలను ఒక పేజీలో, బొమ్మలతో, స్థానిక భాషలో అచ్చువేసి ప్రతి రిఫరీ కిట్‌లో పెట్టండి. రిఫరీ శిక్షణలో చేయించి చూపించండి.

4. ప్రతి టోర్నీలో నిర్వాహకుల దగ్గర మూడు సైజుల్లో నల్ల హిజాబ్‌లు కొన్ని ఉండాలి, స్పేర్ జెర్సీలు ఉన్నట్టే. పిన్నులతో వచ్చిన అమ్మాయికి అది ఇచ్చి ఆడించండి.

5. ఎవరినైనా తలవస్త్రం వల్ల ఆపితే ఏ పరీక్షలో, ఎందుకు కుదరలేదో రిఫరీ రాసి ఇవ్వాలి. సీజన్ చివర ఆ కాగితాలన్నీ లెక్కగట్టి బయటపెట్టండి. మూడో నష్టం కాస్తయినా కనపడేది అప్పుడే.

6. జాతీయ సంఘం అంతర్జాతీయ నియమం కన్నా కఠినంగా నిషేధం పెడితే అంతర్జాతీయ సమాఖ్య మౌనంగా ఉండకూడదు. ఆ దేశపు అమ్మాయికి తన లీగులో లేని హక్కు ప్రపంచకప్‌లో ఉండి ప్రయోజనం లేదు, లీగులో ఆడనిదే ప్రపంచకప్ దాకా ఎవరూ రారు.

7. ఏ దేశానికి పోటీలు అప్పగించినా, తల కప్పుకోవాలని గానీ కప్పుకోకూడదని గానీ క్రీడాకారిణులను, మహిళా అధికారులను బలవంతం చేయబోమని ఆతిథ్య ఒప్పందంలో రాయించుకోండి. రాయనంటే వేదిక మార్చండి.

8. ఈత, జూడో లాంటి ఆటల్లో నిజమైన సాంకేతిక అభ్యంతరం ఉంటే అదేమిటో, ఏ పరీక్షలో తేలిందో ప్రకటించండి. కుట్టేవాళ్లను, హిజాబ్‌తో ఆడే అమ్మాయిలను ఆ కమిటీలో కూర్చోబెట్టండి.

వీటిలో ఒకటి నుంచి నాలుగు వరకు ఉన్నవాటికి పెద్ద ఖర్చూ లేదు, మహాసభ పెట్టాల్సిన పనీ లేదు. ఒక సర్క్యులర్ చాలు. రాబోయే సీజన్ ఎంట్రీ ఫారాలు అచ్చుకు వెళ్లేలోపే ఆ సర్క్యులర్ రావాలి, మిగతా నాలుగింటికి ఏ తేదీలోపు నిర్ణయం చేస్తారో అందులోనే రాయాలి. ఈసారి "పరిశీలనలో ఉంది" అని కాకుండా, ఒప్పుకున్నవి ఇవి, ఒప్పుకోనివి ఇవి, కారణాలు ఇవి అని అంశాల వారీగా జవాబు కోరుతున్నాం.

ఇట్లు,
కోచ్‌లు, రిఫరీలు, ఆట దుస్తుల తయారీదారులు, ఫస్ట్ ఎయిడ్ కార్యకర్తలు